ప్రాంప్టరు గారికి ముప్పైకి ముప్పై

ఫిబ్రవరి 4

ఒరేయ్ ఎలుకల డాక్టరూ,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. మొన్న ఫోన్లో "ప్రతి మాటా రెండుసార్లు ఎందుకంటున్నావక్కా" అని విసుక్కున్నావు చూడు, నేనన్నది ఒక్కసారే. మొదటిసారి అన్నది నాన్న. పక్కనే కూర్చుని, నేను నోరు తెరిచేలోపు నా మాట నాకే గుసగుసగా అందిస్తున్నారు. ఆయన "అంతా బాగానే ఉన్నాం" అని అందించారు, నేను అలవాటుగా "అంతా బాగానే ఉన్నాం" అనేశాను. అసలు ఏమీ బాగాలేమని చెప్పడానికి చేశానురా ఆ ఫోను. ఉత్తరమైతే ఈ బెడద ఉండదనుకున్నాను. ఇప్పుడు నా భుజం మీదుగా తొంగిచూసి "అక్కడ కామా పెట్టు" అంటున్నారు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ తెర పక్క చీకట్లో స్టూలు వేసుకుని, నటులు మర్చిపోయిన మాటలు అందించిన ప్రాంప్టరు. ఇప్పుడు కళ్లజోడు మర్చిపోయారు, పళ్లసెట్టు మర్చిపోయారు, అన్నం తిన్న సంగతి చెయ్యి కడుక్కునేలోపు మర్చిపోతున్నారు. ఎదుటివాడు తడబడితే మాట అందించడం మాత్రం మర్చిపోలేదు. డాక్టరు అల్జీమర్స్ అని తేల్చాక, ఒంటరిగా వదలొద్దన్నాడు. నాటకాల్లో వేషాలు మానేశాక అత్తయ్య కూడా ఇక్కడే ఉందనుకో. కానీ మధ్యాహ్నం ఆవిడకి కునుకు పడితే ఇంటిని ఎత్తుకుపోయి పక్క వీధిలో పెట్టినా లేవదు. అందుకని మధ్యాహ్నాలు నాన్నని నాతోపాటు డ్రైవింగ్ స్కూలు కారులో వెనక సీట్లో కూర్చోబెట్టుకుంటున్నాను.

నా దగ్గర ఒక బ్యాంకు గుమాస్తా నేర్చుకుంటున్నాడు. భయస్థుడు. నాలుగు రోడ్ల కూడలిలో ఎటు తిప్పాలో తెలీక తడుముకుంటుంటే వెనకనుంచి నాన్న "కుడివైపు నుంచి నిష్క్రమణ" అని అందించారు. అతను నిష్క్రమించాడు. వన్‌వేలోకి. ఇంకోసారి బ్రేకు మర్చిపోతే "ఆగుము రాజా, ఆగుము" అన్నారు, ఆగాడు. అలా బాగా అలవాటుపడ్డాడు. తీరా లైసెన్సు పరీక్ష రోజున వెనక సీట్లో ఎవరూ లేకపోయేసరికి స్టీరింగు పట్టుకుని బొమ్మలా కూర్చుండిపోయాడట.

స్కూలు యజమాని నన్ను పిలిచి, ఏప్రిల్ ఆఖరు దాకా చూస్తాననీ, ఆ తర్వాత కారులో పెద్దాయన ఉంటే నాకు ఉద్యోగం ఉండదనీ చెప్పేశాడు. నాకు ఆ ఉద్యోగం కావాలిరా. నాన్నని ఎక్కడో దూరంగా ఆశ్రమంలో పెట్టి రావడం నా వల్ల కాదు. మీ కేంద్రం వాళ్లు ఏదో కొత్త మందు పరిశోధన మొదలుపెట్టారనీ, అందులో చేరినవాళ్లని పగలంతా చూసుకుంటారనీ విన్నాను. నాన్నకి అందులో చోటు ఇప్పించు. నువ్వు అక్కడుండీ ఇదొక్కటి చేయలేకపోతే ఎందుకురా ఆ తెల్లకోటు?

తలప్రాణం తోకకొచ్చిన
అక్క

*

ఫిబ్రవరి 12

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది. తర్వాత వన్‌వే గుర్తొచ్చి మళ్లీ నవ్వాను.

పరిశోధన సంగతి నిజమే. మీ ఊళ్లో ఉన్న మా శాఖలోనే జరుగుతోంది. వారానికి మూడు రోజులు పొద్దున్నించి సాయంత్రం దాకా వాళ్లే చూసుకుంటారు, వ్యాను కూడా పంపుతారు. నేను ఎలుకల గదిలో మనిషిని, మనుషుల విభాగంలో నా మాట చెల్లదు. అయినా పేరు రాయించాను.

చిక్కల్లా ఒకటే. ప్రశ్నలడిగే అమ్మాయి ఇంటికొచ్చి ముప్పై మార్కులకి జ్ఞాపకశక్తి పరీక్ష పెడుతుంది. పదిహేనుకీ ఇరవై నాలుగుకీ మధ్య రావాలి. ఎక్కువొస్తే జబ్బు ముదరలేదంటారు, తక్కువొస్తే మందుకి అందనంత దూరం పోయిందంటారు. చిన్నప్పుడు లెక్కల్లో నాకొచ్చిన మార్కులు సరిగ్గా అవే. నాకైతే ఇట్టే చోటిచ్చేవాళ్లు.

ఈలోగా ఒక సలహా. మా ఎలుకలకి దారి తెలియడానికి నేల మీద పసుపు టేపు అంటిస్తాం, చివర్లో జున్ను ముక్క పెడతాం. నాన్న మంచం నుంచి బాత్రూము దాకా అలా అంటించి చూడు. బాగా పనిచేస్తుంది.

తమ్ముడు

*

ఫిబ్రవరి 27

ఎలుకల డాక్టరూ,

కన్నతండ్రికి జున్ను ముక్క పెట్టమన్న కొడుకుని నిన్నే చూశాను. అయినా పెట్టాను, ఏం చేస్తాం, పెద్ద చదువులు చదివావు. టేపు అంటించగానే అత్తయ్య దాన్ని స్టేజీ మీద నటులు నిలబడే గుర్తనుకుంది. నిలబడింది. నాన్న ఎదురుగా కూర్చుని ఆవిడకి మాటలందించడం మొదలుపెట్టారు. ఆవిడ ఒక చెయ్యి పైకెత్తి, నిండు సభలో అవమానం పొందిన రాణిలా సాయంత్రం దాకా ఏడ్చింది. బాత్రూముకి మాత్రం ఎవరూ వెళ్లలేదు. జున్ను అత్తయ్య తినేసింది.

నీ ప్రశ్నలమ్మాయి నిన్న వచ్చి వెళ్లిందట. గుమాస్తాకి మళ్లీ పరీక్ష దగ్గర పడిందని నేను పొద్దున్నే కారు తీశాను. తిరిగొచ్చి ఎలా జరిగిందని అడిగితే, అత్తయ్య బ్రహ్మాండంగా జరిగిందంది. ఆవిడ ముఖంలో ఆ వెలుగు చూసి నాకెందుకో భయమేసింది.

మార్కులు తెలియగానే రాయి.

అక్క

*

మార్చి 5

అక్కా,

నాన్నకి ముప్పైకి ముప్పై వచ్చాయి.

మా ప్రొఫెసరు సరదాకి తనే ఆ పరీక్ష రాసుకుంటే ఇరవై ఎనిమిదొచ్చాయి. మనుషుల విభాగం పెద్ద నన్ను పిలిచి, మీ నాన్నగారికి పరిశోధనలో చోటు అక్కర్లేదు, కావాలంటే ఉద్యోగం ఇస్తామన్నాడు.

కోపం తెచ్చుకోకుండా ఒక మాట విను. నువ్వు చాలా అలిసిపోయావు. అలిసినవాళ్లకి గోరంత కొండంతగా కనిపిస్తుంది. వయసు మళ్లినవాళ్లు కళ్లజోడు మర్చిపోవడం మామూలే. నేను నిన్న ఎలుకల గది తాళం ఫ్రిజ్‌లో పెట్టాను.

తమ్ముడు

*

మార్చి 9

ఒరేయ్,

ఈసారి పిలుపూ లేదు, బిరుదూ లేదు. నేను గోరంతని కొండంత చేస్తున్నానా? నాన్న నిన్న నా చెప్పులో పాలు పోసి, అవి చల్లారేదాకా ఊదుతూ కూర్చున్నారు. నువ్వు వచ్చి ఆ చెప్పు తొడుక్కో, అప్పుడు చెబుదువుగాని గోరెంతో కొండెంతో.

నీ ఉత్తరం చదివాక నాకు అనుమానమొచ్చి అత్తయ్యని నిలదీశాను. మొదట నాకేం తెలుసంది. తర్వాత కళ్లొత్తుకుంది. ఆ తర్వాత గుమ్మానికున్న తెర పక్కకి లాగి, తను నిలబడిన చోటు చూపించింది. తెర వెనక నిలబడి మొత్తం ముప్పై మార్కులూ ఆవిడే అందించిందిరా. తేదీ, వారం, వంద లోంచి ఏడు తీసేయడం, అన్నీ. గడియారం బొమ్మ గీయమంటే నాన్నకి మాత్రమే కనబడేలా తెర సందులోంచి చేతులు చాపి ముళ్లు పెట్టి చూపించిందట. ఆ అమ్మాయికి అనుమానం రాలేదా అంటే, నాన్న ప్రతి జవాబుకీ ముందు తెర వైపు చూస్తుంటే, పాపం ఆలోచిస్తున్నారనుకుందట.

నేను అరిచాను. అబద్ధమెందుకు, బాగా అరిచాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే మాటంది. "నా జన్మలో ఒక్క నాటకం కూడా కంఠతా పట్టలేదే. ప్రతి మాటా మా అన్నే అందించాడు. అలాంటిది వాడు ఎదురుగా నోరు తెరిచి బిక్కమొహం వేసుకు కూర్చుంటే నేను ఊరుకోనా?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది మన పని. ఏం చేస్తావో చెయ్యి, మళ్లీ పరీక్ష పెట్టించు.

అక్క

*

మార్చి 15

అక్కా,

క్షమించు. చెప్పు గురించి కూడా క్షమించు.

వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. విభాగం మొత్తం పని ఆపి మరీ నవ్వింది. ప్రశ్నలమ్మాయి మాత్రం నవ్వలేదు, ఆ తెర సంగతి తల్చుకుని ముఖం కందగడ్డలా చేసుకుంది. మొత్తానికి ఇరవై ఆరున మళ్లీ వస్తుంది. ఈసారి అత్తయ్య ఇంట్లో ఉండకూడదు. వీధిలో కూడా ఉండకూడదు, ఆవిడ గొంతు వెనక వరస దాకా వినపడుతుంది. నువ్వు పక్కనే ఉండు, పెదవి కదపకు.

తమ్ముడు

*

మార్చి 27

తమ్ముడూ,

కూర్చుని చదువు.

అత్తయ్యని గుమాస్తా భార్య దగ్గర దిగబెట్టాను. తెర పీకేశాను. నాన్నకి ఇస్త్రీ చొక్కా తొడిగి కుర్చీలో కూర్చోబెట్టాను. నేను మూలన కూర్చుని పెదవులు బిగించాను. ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుని, "ఈ రోజు ఏ వారం?" అని అడిగి నాన్న ముఖంలోకి చూసింది. నాన్నా ఆ అమ్మాయి ముఖంలోకి చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు నాన్నకి అర్థమైపోయింది, ఈ పిల్ల మాట మర్చిపోయి స్టేజీ మీద ఇరుక్కుపోయిందని.

మెల్లగా లేచారు. ఆ అమ్మాయి చేతిలో కాగితాలు తీసుకున్నారు. సోఫా వెనక్కి వెళ్లి కింద కూర్చుని, అక్కణ్నుంచి "ఈ రోజు గురువారం" అని అందించారు. అది గురువారమేనా అని అడక్కు, కాదు. ఆ అమ్మాయి కంగారులో "కాదండీ, బుధవారం" అంది. "శభాష్. తర్వాత?" అన్నారు నాన్న. ఆ తర్వాత కాగితం చూసి ఒక్కో ప్రశ్నే చదివి అందిస్తుంటే ఆ పిల్ల అన్నిటికీ జవాబులు చెప్పేసింది. నేను పెదవి కదపకూడదు గదా. నవ్వు ఆపుకోలేక దిండు కొరికాను. చివర్లో మూడు మాటలు గుర్తుపెట్టుకుని చెప్పాలి చూడు, కుర్చీ, నిమ్మకాయ అని, మూడోది ఆ అమ్మాయికి గుర్తురాలేదు. నాన్న బుజ్జగించి, గంట అని అందించారు.

ఆ అమ్మాయికి ఇరవై తొమ్మిదొచ్చాయి. నాన్నకి ఎన్నో నువ్వే చెప్పు.

అక్క

*

ఏప్రిల్ 2

అక్కా,

రెండు.

ఫిబ్రవరిలో ముప్పై, మార్చిలో రెండు. ఇది ఒకే మనిషా, కవలలా అని అడిగారు. మా ప్రొఫెసరైతే ఇంత వేగంగా దిగజారిన మనిషిని లోకంలో ఎవరూ చూడలేదనీ, దీని మీద వ్యాసం రాస్తాననీ బయల్దేరాడు. ఆయన్ని ఆపేసరికి నాకు గొంతు పోయింది.

పదిహేడున ఆఖరి అవకాశం. ఆ చోటు కోసం ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు, ఈసారి తప్పితే మరి లేదు. దానికి ప్రొఫెసరు ఒక షరతు పెట్టాడు. మీ ఇంట్లో ఉన్నవాళ్లెవరినీ నమ్మడానికి లేదు, కొడుకువి నువ్వెళ్లి దగ్గరుండి జరిపించు అన్నాడు.

అదే కుదిరేలా లేదక్కా. ఇక్కడ పధ్నాలుగో నంబరు ఎలుక ఈనడానికి సిద్ధంగా ఉంది. ఇంకొకరెవరూ లేరు. మన పెద్దమ్మ కొడుకుని పంపితే ఎలా ఉంటుంది?

తమ్ముడు

*

ఏప్రిల్ 5

ఒరేయ్,

ఎలుకకి పురుడు పోయడానికి డాక్టరు కావాలా? అది పుట్టినప్పణ్నుంచీ అదే పని మీద ఉంది.

నీ భయమేంటో నాకు తెలుసు. నువ్వు గుమ్మంలో నిలబడితే నాన్న "ఎవరు బాబూ" అంటారని. అంటారు. నన్ను రోజుకోసారి అంటారు. మొదటిసారి అన్నప్పుడు బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఇప్పుడు "మీ డ్రైవర్నండీ" అంటే సరే పద అంటారు. రోజూ మెదడు ముక్కలు గాజు పలకల మీద పెట్టుకుని చూస్తావు గదా, మనిషిని చూడ్డానికి ఏం వచ్చింది?

రా. వస్తున్నానని ఒక్క ముక్క రాస్తే చాలు.

అక్క

ఇది అత్తయ్య చెప్పి రాయిస్తోంది: "బాబూ, నీకు మాట తోచకపోతే నేను తెర వెనక ఉంటాను." పీకేసిన తెర మళ్లీ కట్టనని ఇంకా చెప్పలేదు.

*

ఏప్రిల్ 8

వస్తున్నాను.

తమ్ముడు

*

ఏప్రిల్ 21

అక్కా,

క్షేమంగా చేరాను. పధ్నాలుగో నంబరు నేను లేకుండానే తొమ్మిది పిల్లల్ని పెట్టింది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

లెక్కల్లో నాకు పంతొమ్మిదొచ్చినప్పుడు నాన్న బెల్టు తీశారు, ఆయనకి పంతొమ్మిదొస్తే మనం ముగ్గురం ఎగిరి గంతులేశాం. సోమవారం నుంచి వ్యాను వస్తుంది. ఈ సంగతులు నీకు తెలిసినవే. నీకు తెలియనివి రెండున్నాయి, అక్కడ నోట చెప్పలేక ఇప్పుడు రాస్తున్నాను.

నేను రాగానే నాన్న నన్ను లైట్ల మనిషి అనుకుని, ఆలస్యమైందని తిట్టడం నువ్వు చూశావు. ఆ రాత్రి నాకొకటి తట్టింది. స్టూలు మీద ఎవరూ లేకుండా నాటకం నడుస్తుందంటే నాన్న ఒప్పుకోరు, అందుకే తనే వెళ్లి కూర్చుంటున్నారు. పొద్దున్నే వెళ్లి, ఈ రోజు వేషం మీది, ప్రాంప్టర్ని నేను అన్నాను. అనుభవం ఉందా అన్నారు. లేదన్నాను. పెదవి విరిచి, పని నేర్పించారు. "తడుముకుంటున్నాడని వెంటనే అందించకు. కాస్త ఆగు. తనంతట తనకి గుర్తొస్తే ఆ సంతోషం వాడిది" అన్నారు. అందుకే నేను బల్ల కింద దూరాను. అది ప్రొఫెసరు చెప్పిన పద్ధతని నీతో కోశాను, ఏమనుకోకు.

పరీక్ష మధ్యలో ఆ అమ్మాయి, పిల్లలెంతమందని అడిగింది గుర్తుందా? నాన్న "ఒకమ్మాయి. కారు నడుపుతుంది. ఊరంతా వినపడేలా మాట్లాడుతుంది" అన్నారు. ఆ తర్వాత ఆగిపోయారు. అత్తయ్య మాట అందించకుండా నువ్వు ఆవిడ నోట్లో రెండో బన్ను కుక్కుతున్నావు. నాన్న చెప్పు కోసం వంగారని మీరనుకున్నారు. చెప్పు కోసం కాదు. బల్ల కిందికి తల పెట్టి నా వైపు చూశారు, మాట అందిస్తానని. "ఒక అబ్బాయి కూడా" అంటే చాలు. నోటిదాకా వచ్చింది. అంటే నీ ఉద్యోగం పోతుంది, ఆ చోటూ పోతుంది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. ఏడుపొచ్చేసింది. నాన్న కాసేపు చూసి, చాలా మెల్లగా, నాకొక్కడికే వినపడేలా అన్నారు, "పర్లేదు బాబూ, కొత్తలో అందరికీ పేజీ తప్పుతుంది. వెతుక్కో. అందాకా నేను నెట్టుకొస్తాను."

లేచి కూర్చుని, ఆ అమ్మాయితో "ప్రస్తుతానికి ఒకమ్మాయే అనుకోండి" అన్నారు. మీరంతా నవ్వారు.

రెండోది, బయల్దేరే రోజు సంగతి. నువ్వు కారు తీయడానికి వెళ్లావు. అత్తయ్య లోపల చేతిరుమాలు వెతుక్కుంటోంది. నేను సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఏమని చెప్పి వెళ్లాలో తెలియలేదక్కా. మనమెవరో తెలియని మనిషికి ఏమని చెబుతాం? నాన్న వచ్చి ఎదురుగా నిలబడి, తను నాకు నేర్పినట్టే కాస్త ఆగారు. నాకు రాలేదు. అప్పుడు తల దగ్గరికి వంచి గుసగుసగా అందించారు, "వెళ్లొస్తాను నాన్నా."

నేను అన్నాను.

"ఇంకా గట్టిగా. వెనక వరసకి వినపడాలి."

అరిచాను. పై వాటా ఆవిడ కిటికీ తెరిచింది. నన్ను గుర్తుపట్టి అన్నారో, మామూలుగా అందించారో నాకు తెలీదు, తెలుసుకునే పరీక్ష మా దగ్గర లేదు. నేను అలాగే నిలబడిపోతే భుజం తట్టి, "కుడివైపు నుంచి నిష్క్రమణ" అన్నారు.

నువ్వు కారు ఎడమవైపు పెట్టుకుని, ఎటు పోతున్నావురా గుడ్డివాడా అని హారన్ కొట్టావు చూడు. అందుకే అటు పోయాను.

తమ్ముడు

*

మే 3

నాన్నా,

మన నాన్న కాదు, ఇది నిన్ను ముద్దుగా పిలవడం. మళ్లీ ఏడవకు.

నీ ఉత్తరం చదివి అత్తయ్యా నేనూ ఒకే రుమాలు పంచుకున్నాం. కాస్త తేరుకున్నాక, ఆవిడ తనకి రెండో బన్ను ఎందుకు కుక్కానని కొత్తగా పోట్లాట పెట్టుకుంది.

నాన్న వారానికి మూడు రోజులు వెళుతున్నారు. మందు పనిచేస్తోందో లేదో నాకైతే తెలియడం లేదు, మొన్న కూడా నన్ను డ్రైవరమ్మా అనే పిలిచారు. కానీ పొద్దున్నే తయారై గుమ్మంలో నిలబడుతున్నారు. అక్కడ చూసుకునే నర్సు ఏమందంటే, ఆ హాలులో ఉన్న ఇరవై మందీ మాట మధ్యలో మర్చిపోయేవాళ్లేనట. నాన్నకి చేతినిండా పని. స్టూలు వేసుకుని మధ్యలో కూర్చుని, ఎవరు ఆగిపోతే వాళ్లకి అందిస్తున్నారట. ఒకాయన తన భార్య పేరు తడుముకుంటుంటే నాన్న ఏదో రాణి పేరు అందించారు. సాయంత్రం ఆవిడ తీసుకెళ్లడానికొస్తే ఆయన ఆ పేరే పెట్టి పిలిచాడు. ఆవిడ తెగ మురిసిపోయిందట.

గుమాస్తా లైసెన్సు పరీక్ష గట్టెక్కాడు. ఎలాగని అడిగితే, తనకి తనే గుసగుసగా అందించుకున్నానన్నాడు. నా క్లాసులన్నీ వ్యాను వచ్చే రోజులకే మార్చుకున్నాను, యజమాని నా జోలికి రావడం లేదు.

ఇక ఉత్తరాలు చాలు, నా చెయ్యి నొప్పి పుడుతోంది. ఆదివారం ఫోన్ చెయ్యి. నాన్న నా పక్కనే ఉంటారు, ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది, నోరెత్తకుండా రెండూ విను. నీకు ఏం మాట్లాడాలో తోచకపోతే కంగారు పడకు, ఆయన కాస్త ఆగి అందిస్తారు. ఇక వచ్చే నెల మళ్లీ ఎలుక, పురుడు అని సాకులు చెప్పావో, ఒప్పుకోను. వెళ్లొస్తానన్నావు. గట్టిగా అన్నావు. పై వాటా ఆవిడ సాక్ష్యం.

అక్క